అత్తమ్మ తాగని కాఫీ

మా పుట్టింట్లో కాఫీ అంటే పైఅరలో ఒక సీసా. వచ్చిన చుట్టాల్లో ఎవరైనా "మేం చాయ్ తాగం" అంటే తప్ప అది కిందికి దిగేది కాదు. లోపల పొడి గడ్డకట్టి ఉండేది. మా అమ్మ దాన్ని చెంచా కాడతో పొడిచి, పెళ్లగించి, వేడి పాలలో కలిపి ఇచ్చేది. తాగినవాళ్లెవరూ మళ్లీ అడిగిన గుర్తు నాకు లేదు. మాది వరంగల్. పొద్దున లేస్తే చాయ్, ఎవరైనా ఇంటికొస్తే చాయ్, వాళ్లు వెళ్లిపోతే హమ్మయ్య అనుకుని ఇంకో చాయ్.

అలాంటిదాన్ని, మాదాపూర్ ఆఫీసులో పక్క సీటులో కూర్చున్న తెనాలి అబ్బాయిని పెళ్లి చేసుకుని, ప్రగతి నగర్‌లో ఒక కాఫీ ఇంట్లో పడ్డాను. కాఫీ ఇల్లని ఊరికే అనడం లేదు. గృహప్రవేశానికి పాలు పొంగించిన పొయ్యి మీదే, ఆ పాలు చల్లారకముందే, మా అత్తమ్మ డికాషన్‌కి నీళ్లు పెట్టిందట. దేవుడి పటాలున్న అట్టపెట్టె ఇంకా విప్పనేలేదు, ఫిల్టరు మాత్రం ఆవిడ చేతిసంచీలో కారులో ముందు సీట్లో వచ్చింది.

అది ఇత్తడి ఫిల్టరు, రెండంతస్తులది. పై గిన్నెకు అడుగున సన్నటి చిల్లులుంటాయి. అందులో పొడి వేసి, పైన ఒక బిళ్ళ పెట్టి అదిమి, మరుగుతున్న నీళ్లు పోసి మూత పెడితే, కింది గిన్నెలోకి చుక్క చుక్కగా దిగేదే డికాషన్. మొదటిసారి నీళ్లు పోస్తే దిగేది ఫస్ట్ డికాషన్. నల్లగా, చిక్కగా ఉంటుంది, వాసనకే నిద్ర వదులుతుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే వచ్చేది సెకండ్ డికాషన్. ఇదంతా నాకు చెప్పింది మా మామయ్య. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి, ఏ నీరు ఎటు నుంచి ఎటు పారుతుందో ఆయన చెబితే వినాలనిపిస్తుంది. "నేను ఫస్ట్ డికాషన్ కాకపోతే ముట్టనమ్మా. ఒక్క గుక్కలో కనిపెట్టేస్తాను. మన దగ్గర మోసం కుదరదు" అని, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ, గ్యాస్ సిలిండర్ తెచ్చిన అతనితో సహా, చెప్పేవారు.

ఇంట్లో కాఫీ అందే వరస ఇలా ఉండేది. పేపరు పట్టుకుని బాల్కనీలో కూర్చున్న మామయ్యకి మొదటి గ్లాసు. తరవాత కొడుక్కి. ఆ తరవాత నాకు. అందరం తాగి గ్లాసులు సింకులో పడేశాక, అత్తమ్మ మిగిలిన పొడి మీద ఇన్ని నీళ్లు పోసి, దిగిన ఆ పల్చటి ద్రవాన్ని గిన్నె అడుగున మిగిలిన పాలలో కలుపుకుని, వంటగది గుమ్మం దగ్గర నిలబడి తాగేది. దాన్ని కాఫీ అనడానికి నాకు నోరు రాదు. ఎండకు వెలిసిన చొక్కా రంగులో ఉండేది.

నాకు అన్యాయం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆఫీసులో లిఫ్టు దగ్గర ఎవరైనా వరస తప్పి ముందుకొస్తే మూడో అంతస్తు దాకా వాదిస్తాను. అలాంటిది నా ఇంట్లో, నా కళ్ల ముందు, పొద్దున్నే లేచి అందరికీ చేసి పెట్టే మనిషి అందరికంటే ఆఖర్న, అందరికంటే పల్చటిది తాగుతుంటే ఎలా ఊరుకుంటాను?

"ఏంది అత్తమ్మా గిది? మాకందరికి చిక్కటిది పోసి మీరు గీ నీళ్లు తాగుడేంది?" అని అడిగేశాను.

అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, "నాకు చిక్కటిది పడదమ్మాయ్. గుండె దడొస్తుంది" అంది.

"ఎన్నడు తాగిండ్రు పడకపోనీకి?"

"ఊరుకోవే. ఆఫీసుకి టైమవుతోంది నీకు" అంది.

ఆవిడకి కావలసిందల్లా నేను అత్తయ్యగారూ అని పిలవడం, నెమ్మదిగా మాట్లాడడం, కాఫీ సంగతి ఎత్తకపోవడం. నేను అత్తమ్మా అనే పిలిచాను, గట్టిగానే మాట్లాడాను, కాఫీ సంగతి తప్ప ఇంకోటి ఎత్తలేదు.

ఆఫీసు క్యాంటీన్‌లో స్నేహితురాళ్లకు ఈ సంగతి చెబితే అందరూ స్పూన్లు కింద పెట్టేశారు. ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా సెకండ్ డికాషన్ బతుకులు బతుకుతున్నారని ఒకామె అంది. ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆ రోజు జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి ఉన్నంతసేపూ ఆ మాటే తలుచుకుంటూ, మా అత్తమ్మ చేత ఫస్ట్ డికాషన్ కాఫీ, వేడివేడిగా, కుర్చీలో కూర్చోబెట్టి, అందరికంటే ముందు తాగించి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను. ఇంక ఎవరు అడ్డుపడినా వినేది లేదు.

మొదట గ్లాసులు మార్చి చూశాను. నా చిక్కటి కాఫీ ఆవిడ కోసం వంటగట్టు మీద పెట్టి, ఆవిడ వెలిసిన చొక్కా నేను తాగేశాను. ఆవిడ గ్లాసు వంక చూసి, నా వంక చూసి, దాన్ని తీసుకెళ్లి వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చింది. మర్నాడూ అంతే. మూడు నాలుగు రోజులయ్యేసరికి వాచ్‌మన్ నన్ను చూస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు.

తరవాత గుండె దడ మీద పడ్డాను. దడ ఉంటే చూపించుకోవాలి కదా! "దవాఖానకు పోదాం నడువుండ్రి" అని శనివారం పూట బలవంతాన కారెక్కించాను. ఈసీజీ తీశారు. డాక్టరుగారు కాగితం అటూ ఇటూ తిప్పి, గుండె గడియారంలా ఉందన్నారు. "మరి చిక్కటి కాఫీ తాగొచ్చా సార్?" అని అత్తమ్మ ఎదుటే అడిగాను. "హాయిగా తాగొచ్చు" అన్నారాయన. దారంతా అత్తమ్మ కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక మామయ్య కంగారుగా ఏమైందని అడిగితే, "ఏం కాలేదండీ. మీ కోడలికి తోచక నన్ను కరెంటు తీగలకి కట్టించింది" అంది.

ఇక ఒకటే దారి మిగిలింది. ఫిల్టరు నా చేతిలోకి తీసుకోవడం.

అది అంత తేలిక కాదని ఆ తరవాత తెలిసింది. ఆ ఫిల్టరు మీద అత్తమ్మ ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. వద్దని ఎప్పుడూ అనదు. "నీకెందుకమ్మా శ్రమ" అంటుంది. అంటూ ఆ మాట పూర్తయ్యేలోపు ఫిల్టరు మన చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని కూకట్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి స్టీలు ఫిల్టరొకటి కొనుక్కొచ్చి, అక్కడే దుకాణంలో వేయించి మరాడించిన పొడి తెచ్చి, ఆదివారం మధ్యాహ్నాలు అందరూ కునుకు తీస్తుండగా సాధన మొదలుపెట్టాను.

మొదటిసారి పొడిని కసిదీరా అదిమాను. గంటసేపు చూసినా కిందికి ఒక్క చుక్క దిగలేదు. మా ఆయన వచ్చి చెంచాతో టకటకా కొట్టి, "బ్లాక్ అయింది. రీస్టార్ట్ చెయ్" అన్నాడు. రెండోసారి అదమడం మానేస్తే నీళ్లు పోసినవి పోసినట్టే జారిపోయాయి. ఇంకోసారి డికాషన్ బ్రహ్మాండంగా దిగింది, కానీ చల్లారిందని నేరుగా పొయ్యి మీద పెట్టి మరిగించాను. చేదు కషాయంలా అయింది. డికాషన్‌ని మరిగించకూడదు, వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టాలి అన్న ముక్క అప్పుడు తలకెక్కింది. మా ఆయన ఉత్సాహపడి పొడి తూచడానికి చిన్న తక్కెడ, నీళ్ల వేడి చూడడానికి ధర్మామీటరు తెప్పించాడు. వాటితో చేసిన కాఫీ కొలతల ప్రకారం అద్భుతంగా ఉంది, తాగితే ఏమీ లేదు.

ఆఖరికి వాటిని పక్కన పడేసి నా చేతి లెక్కకే వచ్చాను. పొడిని అరచేత్తో చదును చేసినంత మాత్రం అదమాలి. ముందు కాసిన్ని వేడినీళ్లు చిలకరించి పొడిని తడవనివ్వాలి. అది ఉబ్బి వాసన పైకి రాగానే మిగతా నీళ్లు, అంచు వెంట, సన్నటి ధారగా పోయాలి. ఆ తరవాత మూత తీసి చూడకూడదు. నాలాంటిదానికి అన్నిటికంటే కష్టమైంది అదే. పాలు ఒక్క పొంగు రాగానే దించాలి. గ్లాసులో ముందు డికాషన్, ఆ మీద పాలు, రెండుసార్లు ఎత్తి పోస్తే వచ్చే నురుగు. ఆ ఆదివారం నా కాఫీ నేనే తాగి, వరంగల్ దాన్నయి ఉండి, ఇన్నేళ్లు చాయ్ తాగి బతికానా అనుకున్నాను. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే నా ప్రాజెక్టు మారింది. ఆస్ట్రేలియా క్లయింటు. వాళ్లు ఆఫీసుకొచ్చి కూర్చునేసరికి మనకింకా తెల్లవారదు. కాబట్టి నేను చీకటితోనే లేచి, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకునేదాన్ని. కాల్ మొదలయ్యేలోపు ఫిల్టర్‌లో పొడి వేసి నీళ్లు పోసెయ్యచ్చు. దేవుడే దారి చూపించాడనుకున్నాను.

మొదటిరోజు అత్తమ్మ జుట్టు ముడి వేసుకుంటూ వంటగదిలోకి వచ్చి, పొయ్యి దగ్గర నన్ను చూసి నిలబడిపోయింది.

"నువ్వెందుకు లేచావ్?"

"ఇగ కాఫీ పని నాది అత్తమ్మా. మీరు పోయి పండుకోండ్రి."

"నాకు నిద్ర రాదమ్మాయ్. నువ్వు నీ కాల్ చూసుకో."

"కాల్ ఇంకా షురూ కాలే. ఫికర్ చెయ్యకుండ్రి" అని భుజాలు పట్టుకుని మళ్లీ పడగ్గది దాకా నడిపించుకెళ్లి, దుప్పటి కప్పి వచ్చాను. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది.

తెల్లవారాక మొదటి గ్లాసు, నురుగుతో సహా, ట్రేలో పెట్టి తీసుకెళ్లి, హాల్లో సోఫాలో కూర్చోబెట్టి, ఆవిడ చేతికిచ్చాను. మామయ్య పేపరు దించి చూశారు. మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చి చూశాడు. నేను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "ఎట్లుంది అత్తమ్మా?" అని అడిగాను. ఆవిడ రెండు గుక్కలు తాగి, "బానే ఉంది" అని గ్లాసు కింద పెట్టేసింది. తెనాలి భాషలో బానే ఉంది అంటే బాగాలేదని అర్థమని నాకు అప్పటికే తెలుసు. అలవాటు లేదు కదా, మెల్లిగా పడుతుందిలే అనుకున్నాను.

మామయ్య మాత్రం గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డారు. "ఫస్ట్ డికాషనేనా అమ్మా?" అన్నారు. "ఫస్టే మామయ్యా" అన్నాను. "బాగుంది కానీ, ఏదో ఘాటుగా ఉంది. మీ అత్తయ్య చేతి ఫస్ట్ డికాషన్ ఇలా ఉండదు. అది కమ్మగా ఉంటుంది" అన్నారు. నేను కుళ్లుకున్నాను.

ఆ మర్నాడు నేను లేచేసరికి అత్తమ్మ వంటగదిలో ఉంది. మళ్లీ నడిపించుకెళ్లి పడుకోబెట్టాను. ఆ తరవాత రోజు ఇంకా ముందు లేచింది. నేనూ ఫోన్‌లో అలారం ముందుకి జరిపాను. ఇలా ఇద్దరం ఒకరికంటే ఒకరం ముందు లేస్తూ, చివరికి కోడి కూడా లేవని వేళకు లేచేవాళ్లం. ఇంత చాకిరీ అలవాటైపోయిన మనిషికి విశ్రాంతి ఇస్తే తీసుకోవడం కూడా చేతకావడం లేదని నాకు ఏడుపొచ్చింది. క్యాంటీన్‌లో చెబితే వాళ్లకీ వచ్చింది.

ఇంతలో అత్తమ్మ మారిపోయింది. పొద్దున్నే తలనొప్పి అని అమృతాంజనం రాసుకుని కూర్చునేది. పప్పులో ఉప్పు మరిచిపోయింది. తోపుడుబండి మీద కూరలమ్మే ఆయనతో బెండకాయలు ముదురని పెద్ద గొడవ పెట్టుకుంది. మామయ్య కళ్లజోడు ఎక్కడ పెట్టావని అడిగితే, "నా నెత్తి మీద పెట్టుకున్నానండీ" అని విసురుకుంది. మా ఆయన నన్ను పక్కకి పిలిచి, "అమ్మకేదో అయింది. నువ్వేమైనా అన్నావా?" అన్నాడు. "నేను సేవ జేస్తున్న" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఒకరోజు ఆస్ట్రేలియాలో ఏదో సెలవు. కాల్ లేదు కాబట్టి అలారం పెట్టుకోలేదు. తెల్లవారకముందే దాహమేసి మెలకువ వచ్చి, నీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాను. లైటు లేదు కానీ డికాషన్ వాసన గుప్పుమంది. వాషింగ్ మెషీన్ పెట్టిన వెనక బాల్కనీ తలుపు ఓరగా తీసి ఉంది. తొంగి చూశాను.

అత్తమ్మ పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ బోర్లించిన బకెట్ మీద బారజాపుకుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. ఫోన్‌లో సన్నగా ఏదో పాత పాట వస్తోంది. చేతిలో మజ్జిగ తాగే పెద్ద స్టీలు గ్లాసు. అందులోంచి పొగలు. కింద రోడ్డు మీద నైట్ షిఫ్ట్ క్యాబ్ ఒకటి ఎవరినో దించి వెళుతుంటే దాన్ని చూస్తూ, కళ్లు సగం మూసుకుని, ఒక్కో గుక్కా నోట్లో కాసేపు ఉంచుకుని మింగుతోంది. ఆ మొహం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

తలుపు కిర్రుమనగానే ఉలిక్కిపడి, గ్లాసుని సర్ఫ్ డబ్బా వెనక్కి తోసేసింది.

"అది మీ మామయ్యకి" అంది.

"మామయ్య గురక ఇక్కడిదాక ఇనవడుతుంది అత్తమ్మా."

ఆవిడ చెయ్యి చాపి, డబ్బా వెనక నుంచి గ్లాసు తీసుకుని, ఇంక దాచేదేముందన్నట్టు ఒక గుక్క తాగింది.

"పెళ్లయిన కొత్తలోనమ్మాయ్" అని మొదలుపెట్టింది. "ఇంటినిండా జనం. నేను చిన్న కోడల్ని. అందరికీ పోసి నా వంతు వచ్చేసరికి గిన్నెలో ఏమీ ఉండేది కాదు. నెల రోజులు చూశాను. పొడి వేసేది నేను, నీళ్లు పోసేది నేను, అందరికంటే ముందు లేచేది నేను. ముందు నేను తాగితే పట్టుకునేదెవరు? ఆ రోజునుంచీ మొదటి డికాషన్ నాదే."

"మరి మామయ్య తాగే ఫస్ట్ డికాషన్?"

"అది రెండోసారి నీళ్లు పోసింది."

"మాకిచ్చేది?"

"అదే."

"మరి ఆఖర్న మీరు తాగేది?"

"మూడోసారిది. అందరూ తాగుతుంటే నేనూ ఏదో ఒకటి తాగాలి కదా, లేకపోతే ఎందుకు తాగలేదని అడుగుతారు. పొద్దున్నే ఇంత చిక్కటిది తాగాక మళ్లీ చిక్కటిదే తాగితే నిజంగానే గుండె దడొస్తుందమ్మాయ్."

నేను నేల మీద చతికిలబడ్డాను. ఒక్క గుక్కలో కనిపెట్టేస్తానన్న మామయ్య గుర్తొచ్చారు. నా కాఫీ ఆయనకి ఎందుకు ఘాటుగా ఉందో అర్థమైంది. "ఆయనకి అలవాటు లేదుగా పాపం" అంది అత్తమ్మ, నా మనసులో మాట విన్నట్టు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మామయ్య లేస్తారేమోనని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది, నేను చున్నీ కుక్కుకున్నాను.

నవ్వు అయిపోయాక నాకు సిగ్గేసింది. ఇన్ని వారాలుగా ఆ మనిషికున్న ఒక్క సుఖాన్ని లాక్కుని, దాన్నే ట్రేలో పెట్టి నలుగురి ముందు ఇచ్చి, పైగా ఎట్లుందని అడుగుతున్నాను. రోజూ అంత పొద్దున్నే లేచి ఆవిడ పరుగెత్తుకొచ్చింది చాకిరీ కోసం కాదు.

"చెప్పొచ్చు కద అత్తమ్మా? నేనే జేసి మీకు గీడికే తెచ్చిస్తుంటి."

"అందుకే చెప్పలేదు" అంది. "తెచ్చిస్తావు. పక్కన కూర్చుంటావు. బాగుందా అంటావు. నాకు కాఫీ ఒక్కటే కాదమ్మాయ్. ఆ కాసేపు నన్నెవరూ పిలవరు. అమ్మా అని గానీ, ఏమేవ్ అని గానీ, అత్తమ్మా అని గానీ." తరవాత గ్లాసులోకి చూసుకుని, మర్యాద కోసమన్నట్టు, "నువ్వూ కొంచెం తాగుతావా?" అంది.

వద్దనాలని ఎంత ఆశగా అడిగిందో నాకు వినిపించింది. ఆ వాసనకి నా నోరు ఊరిపోతోంది.

"వద్దత్తమ్మా. నిద్రొస్తుంది" అని లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

ఆఫీసు పని ఎక్కువైందని చెప్పి కాఫీ పని వదిలేశాను. ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీది నుంచి పడగ్గదిలోకి మార్చాను. మా ఆయన నిద్ర పాడవుతోందని గొణిగాడు. పట్టించుకోలేదు. అత్తమ్మ తలనొప్పి పోయింది, పప్పులోకి ఉప్పు వచ్చింది. క్యాంటీన్‌లో మాత్రం, మా ఇంట్లో పోరాటం విజయవంతమైందని క్లుప్తంగా చెప్పాను.

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా ఆయన లేచి కూర్చున్నాడు. పక్కన నీళ్ల సీసా ఖాళీగా ఉంది. తలుపు వైపు వెళుతుంటే చొక్కా పట్టుకుని లాగాను.

"ఏంటి? నీళ్లు తెచ్చుకుంటా" అన్నాడు.

"జరసేపు ఆగు. మీ అమ్మ ఇంకా లేవలే. చప్పుడైతే లేస్తది."

అతను ముక్కు ఎగబీల్చాడు. "లేవకపోవడమేంటి? కాఫీ వాసన వస్తోందిగా?"

"పక్క ఫ్లాట్‌ది" అన్నాను. "పండుకో."